మైలేజీలు కూడకండి, లీటర్లు కూడండి

బండి మైలేజీ, పొగ, పొల్యూషన్ సర్టిఫికెట్ గురించి ఈసారి ఒడిశాలోని గంజాం, గజపతి, కోరాపుట్ జిల్లాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. ఒకేలాంటి ప్రశ్నలు కలిపేశాను. మొదటి ఉత్తరానికి జవాబు పొడుగైంది. అందులో ఒక మనిషి జీతం, అంతకంటే ఎక్కువగా ప్రాణం ఉన్నాయి కాబట్టి కాస్త ఓపిగ్గా చదవండి.

ప్రశ్న: మాకు జయపురంలో రెండు లారీలున్నాయి. విజయనగరం నుంచి సిమెంటు పైకి తెస్తాం, ఇక్కడి మిల్లుల బియ్యం కిందికి తీసుకెళ్తాం. సాలూరు దాటి ఘాట్ ఎక్కేటప్పుడు లీటరుకు 3 కిలోమీటర్లు, దిగేటప్పుడు 6 కిలోమీటర్లు వస్తుందని డ్రైవరే ఒప్పుకుంటాడు. అంటే సగటున నాలుగున్నర రావాలి కదా! నెలాఖరుకి చూస్తే ఆ దారిలో 4 దాటడం లేదు. తేడా వచ్చిన డీజిల్ ఖర్చు అతని బత్తాలోంచి కోస్తున్నాను. చుక్క కూడా ముట్టుకోలేదని అతను ఒట్టేస్తున్నాడు. ఎవరి లెక్క నమ్మాలి?
లారీ యజమాని, జయపురం

జవాబు: డ్రైవర్ లెక్కే సరైనది. మీరు రాసిన అంకెలే ఆ మాట చెబుతున్నాయి. కోసిన డబ్బు అతనికి తిరిగి ఇచ్చెయ్యండి.

కాగితం తీసుకుని నాతోపాటు వెయ్యండి. లెక్క సులువు కోసం ఘాట్ దారి ఒకవైపు 60 కిలోమీటర్లు అనుకుందాం. ఎక్కేటప్పుడు లీటరుకు 3 అంటే 20 లీటర్లు తాగింది. దిగేటప్పుడు లీటరుకు 6 అంటే 10 లీటర్లు. మొత్తం 120 కిలోమీటర్లకు 30 లీటర్లు. ఇప్పుడు భాగించండి, సరిగ్గా 4 వస్తుంది. మీరు 3నీ 6నీ కూడి రెండుతో భాగించి నాలుగున్నర అన్నారు, ఆ లెక్కన 120 కిలోమీటర్లకు 26 లీటర్ల 700 మిల్లీలీటర్లే సరిపోవాలి, మిగతా మూడు లీటర్ల పైచిలుకు డీజిల్ దొంగతనం కింద రాసేశారు. ఆ మూడు లీటర్లు బండిలోనే కాలాయి. దూరాలు సమానమే కానీ ఎక్కేటప్పుడు తాగిన లీటర్లు రెండింతలు, కాబట్టి సగటు ఎప్పుడూ తక్కువ మైలేజీ వైపే మొగ్గుతుంది. మొత్తం కిలోమీటర్లు, మొత్తం లీటర్లు, ఈ రెండే కూడాలి. మైలేజీని మైలేజీతో కూడితే వచ్చే అంకెకు అర్థం లేదు. మన వైపు లారీ ఆఫీసుల్లో ఈ పొరపాటు చాలాచోట్ల జరుగుతోంది, ప్రతిసారీ నష్టపోయేది డ్రైవరే.

ఎక్కడానికి అంత డీజిల్ ఎందుకంటారా? సాలూరు నుంచి కోరాపుట్‌కి వచ్చేసరికి బండి సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. ఒక టన్ను బరువును అంత ఎత్తుకు చేర్చాలంటే, డీజిల్ ఇచ్చే శక్తిలో మూడో వంతు పైచిలుకే చక్రానికి అందుతుంది కాబట్టి, అర లీటరు కంటే కొంచెం ఎక్కువే పడుతుంది. రెండు ఇరుసుల లారీకి 2018లో పెంచిన పరిమితి ప్రకారం బండీ సరుకూ కలిపి 18.5 టన్నులు. అంటే ఒక్క ఎత్తుకే దగ్గర దగ్గర 10 లీటర్లు. రోడ్డు మీద దొర్లడానికి, గాలిని తోసుకుంటూ పోవడానికి అయ్యేది వేరే. మరి దిగేటప్పుడు ఆ 10 లీటర్లు తిరిగి రావాలి కదా అంటే, కొంతే వస్తుంది. మిగతాది బ్రేకు డ్రమ్ముల్లో వేడిగా పోతుంది. కింద సాలూరులో ఆగిన లోడు లారీ చక్రం దగ్గర చెయ్యి పెట్టి చూడండి, మీరు కొన్న డీజిల్ ఎక్కడికి పోయిందో తెలుస్తుంది.

ఇప్పుడు అసలు సంగతి. చేరలేని అంకె ఒకటి పెట్టి, చేరకపోతే బత్తా కోస్తానంటే డ్రైవర్ ఏం చేస్తాడు? దిగుడులో న్యూట్రల్ వేస్తాడు. కొందరైతే ఇంజనే ఆపేస్తారు. ఈ ఘాట్‌లో సుంకి దగ్గర మలుపులు తెలిసినవాళ్లకి ఇది ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. గేరులో లేని బండికి ఇంజన్ పట్టు ఉండదు, బరువంతా బ్రేకుల మీదే పడుతుంది, అవి కాగిపోయాక తొక్కినా పట్టవు. ఇంజన్ ఆపితే బ్రేకు గాలి ట్యాంకు నింపే కంప్రెసరు కూడా ఆగిపోతుంది, స్టీరింగ్ బిగుసుకుంటుంది. ఇంత చేసి మిగిల్చేది కూడా ఏమీ లేదు. కంప్యూటరు లెక్క ప్రకారం డీజిల్ చిమ్మే ఇప్పటి కామన్‌రైల్ ఇంజన్లలో గేరులో ఉంచి యాక్సిలరేటర్ మీద కాలు తీసేస్తే చక్రాలే ఇంజన్‌ను తిప్పుతాయి, కంప్యూటరు డీజిల్ పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తేనే ఇంజన్ ఆగకుండా ఉండటానికి డీజిల్ తాగుతుంది. అంటే దిగుడులో గేరే చౌక. ఈ మాట మీ డ్రైవర్‌కి మీరే చెప్పండి, యజమాని నోటి నుంచి వస్తే ఆ మనిషికి సగం టెన్షన్ తీరుతుంది.

రేపటి నుంచి ఒక నోట్‌బుక్ పెట్టండి. ప్రతిసారీ ఒకే బంకులో, ఒకే పంపు దగ్గర ఫుల్ ట్యాంక్ కొట్టించండి. నాజిల్ టక్కుమని తనంతట తాను ఆగిన చోటే ఆపాలి, ఇంకో రెండు లీటర్లు కుక్కకూడదు. కిలోమీటర్ల రీడింగు, పోసిన లీటర్లు, కాటా చీటీ మీద ఉన్న బరువు రాయండి. బరువు రాయకపోతే ఈ నోట్‌బుక్ సగం దండగ, ఎందుకంటే 10 టన్నులతో వచ్చిన ట్రిప్పునీ నిండు లోడుతో వచ్చిన ట్రిప్పునీ పక్కపక్కన పెట్టి పోల్చలేం. పైకీ కిందికీ కలిపి ఒక చుట్టు ఒక లెక్క. అలా కొన్ని చుట్లు పోయాక, ఒకే బరువు మోసిన ట్రిప్పుల్లో లీటర్లు ఉన్నట్టుండి పెరిగితే అప్పుడు అనుమానపడండి, అది కూడా ముందు టైర్ల గాలి, ఎయిర్ ఫిల్టర్, ఎక్కడైనా బ్రేకు పట్టేసి లాగుతోందా అనేవి చూశాకే.

ప్రశ్న: కారు కొనేటప్పుడు లీటరుకు 22 అన్నారు. బరంపురం ఊళ్లో 14, భువనేశ్వర్ హైవే మీద 18 వస్తోంది. షోరూం వాళ్లు ఆ 22 ప్రభుత్వం ఇచ్చిన అంకె అంటున్నారు. ప్రభుత్వం అబద్ధం చెబుతుందా?
ఉద్యోగి, బరంపురం

జవాబు: అబద్ధం కాదు, కానీ ఆ అంకె మీ రోడ్డు మీద పుట్టలేదు. పుణేలోని ఏఆర్ఏఐ లాంటి పరీక్షా సంస్థల్లో కారును రోలర్ల మీద నిలబెట్టి నడుపుతారు. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. ఎప్పుడు ఎంత వేగంతో పోవాలో ముందే రాసిపెట్టిన ఒక క్రమం ఉంటుంది. ఊళ్లో ఆగి ఆగి పోయినట్టు ఉండే భాగాన్ని నాలుగుసార్లు తిప్పి, చివర్లో కాస్త వేగం పెంచుతారు. గరిష్ఠ వేగం 90 కిలోమీటర్లు, మొత్తం దూరం పదిన్నర కిలోమీటర్లు, 20 నిమిషాల లోపే అయిపోతుంది. ఏసీ ఆఫ్. వెనక సీట్లో మీ అత్తగారూ పిల్లలూ ఉండరు. గిరి రోడ్డు ట్రాఫిక్ లేదు, మే నెల ఎండ లేదు, ఎదురుగాలి లేదు. 14, 22 మధ్య తేడా ఇక్కడే ఉంది. అందుకే ఆ అంకెను ఒక కారుతో ఇంకో కారును పోల్చడానికి వాడండి, నెల ఖర్చు లెక్క వెయ్యడానికి కాదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటి ఉంది. ఆ పరీక్షలో ట్యాంకులో పెట్రోల్ ఎంత తగ్గిందో చూడరు, పొగ చూస్తారు. సైలెన్సర్ నుంచి వచ్చే పొగను గాలితో పలచన చేసి సంచుల్లోకి పట్టి, అందులో కార్బన్ డయాక్సైడ్, కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోల్ ఆవిరి ఎంతెంత ఉన్నాయో కొలుస్తారు. పొగలో ఉన్న కార్బన్ అంతా పెట్రోల్ నుంచి వచ్చిందే కదా, వేరే చోటు నుంచి రాదు. కాబట్టి పొగలోని కార్బన్ లెక్కేస్తే కాలిన పెట్రోల్ ఎంతో తేలిపోతుంది. మైలేజీ, పొగ వేర్వేరు విషయాలు అనుకుంటాం గానీ, అక్కడ ఒకదాన్ని కొలిచి ఇంకోదాన్ని రాస్తారు.

రోలర్ల మీద బాగుండి రోడ్డు మీద పొగ ఊదే బండ్ల సంగతి ప్రపంచమంతా తెలిశాక, మన దేశంలో కూడా 2023 ఏప్రిల్ నుంచి బీఎస్-6 అనే పొగ నియమాల రెండో దశ పెట్టారు. కారు వెనక చిన్న ప్రయోగశాల లాంటి పెట్టె కట్టి నిజం రోడ్డు మీద నడిపి పొగ కొలవాలి. అది ఆరోగ్యానికి చేటు చేసే వాయువుల కోసం, షోరూంలో చెప్పే మైలేజీ అంకె కోసం కాదు. నా అభిప్రాయం అడిగితే, ఏసీ వేసి తీసిన మైలేజీ కూడా ప్రతి షోరూంలో రాసి పెట్టాలి. మన ఊళ్లలో ఏసీ లేకుండా కారు తోలేవాళ్లు ఎంతమంది?

ప్రశ్న: ఎనిమిదో తరగతి పిల్లలకు చెబుతున్నాను. ఒక లీటరు పెట్రోల్ కాలిస్తే 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుందని చదివి ఒక పాప లేచి, ‘లీటరు పెట్రోల్ ముప్పావు కిలో కూడా ఉండదు కదా టీచర్, రెండు కిలోల పైన ఎలా వస్తుంది?’ అంది. నాకు వెంటనే చెప్పడం కుదరలేదు.
ఉపాధ్యాయురాలు, పర్లాకిమిడి

జవాబు: ఆ పాపకి నా తరఫున శభాష్ చెప్పండి. మిగతా బరువు గాలిది. లీటరు పెట్రోల్ సుమారు 740 గ్రాములు, అందులో కార్బన్ 640 గ్రాముల దాకా ఉంటుంది. కాలేటప్పుడు ప్రతి 12 గ్రాముల కార్బన్ గాలిలోంచి 32 గ్రాముల ఆక్సిజన్ పట్టుకుని 44 గ్రాములు అవుతుంది. 640ని 44తో హెచ్చించి 12తో భాగించమనండి, 2,300 గ్రాములు దాటుతుంది. డీజిల్ ఇంకాస్త బరువు, లీటరుకు 2.6 నుంచి 2.7 కిలోలు. పిల్లల చేత వాళ్ల నాన్నగారి బండి లెక్క వేయించండి. లీటరుకు 50 కిలోమీటర్లు ఇచ్చే మోటార్‌సైకిల్ కిలోమీటరుకు 46 గ్రాములు వదులుతుంది. 15 ఇచ్చే పెట్రోల్ కారు 150 గ్రాములు దాటిస్తుంది. అదే కారులో నలుగురు కూర్చుంటే ఒక్కొక్కరికి 40 కిందికి వస్తుంది. ఇప్పుడు బంకుల్లో పోసేది ఇథనాల్ కలిసిన పెట్రోల్ కాబట్టి లీటరుకు కొంచెం తక్కువ వస్తుంది, కానీ పిల్లలకి మొదట ఈ లెక్క చాలు.

ప్రశ్న: బావూ, నాది పాత డీజిల్ ఆటో. పొల్యూషన్ సర్టిఫికెట్ ఉంది, అయినా వెనకొచ్చేవాళ్లు పొగ పొగ అని తిడతారు. మైలేజీ కూడా పడిపోయింది. సర్టిఫికెట్ ఉంటే బండి బాగున్నట్టు కాదా?
ఆటో డ్రైవర్, ఛత్రపూర్

జవాబు: కాదు బావూ. సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు ఏం చేశారో గుర్తు తెచ్చుకోండి. బండి నిలబెట్టి, సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, న్యూట్రల్‌లో యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కించి వదిలించారు, అలా కొన్నిసార్లు. ఆ పొగ వెలుగును ఎంత అడ్డుకుంటుందో మిషను చూస్తుంది. పాత డీజిల్ బండ్లకి ఆ అంకె 2.45 దాకా ఒప్పుకుంటారు, బీఎస్-4 బండికి 1.62, బీఎస్-6కి 0.7. అంటే మీ పాత బండికి కొత్త బండి కంటే మూడున్నర రెట్లు నల్లగా ఉన్నా పాసే. పైగా ఆ పరీక్షలో బండి మీద జనం లేరు. ఆరుగురిని ఎక్కించుకుని ఫ్లైఓవర్ ఎక్కితే వచ్చే పొగ అందులో కనపడదు. మైలేజీ సంగతి దాన్లో అసలే లేదు.

నల్ల పొగ అంటే డీజిల్‌కి సరిపడా గాలి అందట్లేదని. ముందు ఎయిర్ ఫిల్టర్ విప్పి వెలుతురుకి ఎదురుగా పెట్టి చూడండి, వెలుగు రాకపోతే మార్చండి. ఆ తర్వాత ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిల్. డీజిల్ సన్నటి మంచులా చిమ్మాల్సింది పోయి చుక్కలుగా కారుతుంటే అది కాలదు, మసి అవుతుంది. పికప్ కోసం పంపు సెట్టింగ్ పెంచమని మెకానిక్‌కి చెప్పి ఉంటే అది వెనక్కి పెట్టించండి. పొగలో పోయే మసి బరువు చూస్తే తాగిన డీజిల్‌లో చాలా చిన్న వంతే, మైలేజీ పడిపోయింది ఆ మసి వల్ల కాదు, ఆ మసి పుట్టించే జబ్బు వల్ల. అయినా ఆ మసే మీ ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది, రోజంతా ఆ బండి మీద కూర్చునేది మీరే. అందుకని తిట్టేవాళ్ల కోసం కాకపోయినా మీ కోసం బాగు చేయించండి. సర్టిఫికెట్ గడువు కూడా చూసుకోండి, పాత బండ్లకి అది ఆరు నెలలే, బీఎస్-4 నుంచి పైవాటికి ఏడాది. లేకుండా దొరికితే జరిమానా పదివేల దాకా ఉంది.

ప్రశ్న: మా పెట్రోల్ కారు పొల్యూషన్ రీడింగు చాలా బాగా వచ్చింది. కానీ లీటరుకు 17 వచ్చేది 13కి పడింది. ఇంజన్ లైటు కూడా వెలుగుతోంది. పొగ బాగుంది కదా అని వదిలేయొచ్చా?
పాఠకుడు, రాయగడ

జవాబు: వదలొద్దు. సైలెన్సర్‌లో ఉండే కన్వర్టరు, ఇంజన్ చేసిన తప్పును కొంతవరకు కడిగేస్తుంది. ఆక్సిజన్ సెన్సర్ పాడైతే ఇంజన్‌కి పెట్రోల్ ఎక్కువ వెళ్తుంది, ఆ ఎక్కువైనదాంట్లో కొంత కన్వర్టరులో కాలిపోయి, రీడింగు మంచిగానే రావచ్చు. కొన్నాళ్లకి కన్వర్టరే కాగి పోతుంది, అది సెన్సర్ కంటే చాలా ఖరీదు. స్కానర్ ఉన్న మెకానిక్ దగ్గర కోడ్ చదివించండి, ఈ వారంలోనే.

ప్రశ్న: మా బావగారిది ఇచ్ఛాపురం. ఒడిశాలో పెట్రోల్ చౌక అని బోర్డర్ దాటి వచ్చి పోయించుకుంటారు. చౌక పెట్రోల్ కదా, మైలేజీ తక్కువ రాదా? ఇథనాల్ వల్ల ఎంత పోతోంది?
పాఠకురాలు, బరంపురం

జవాబు: చౌకకి కారణం రెండు రాష్ట్రాల పన్నుల తేడా, సరుకు తేడా కాదు. రెండు వైపులా ఒకే ప్రమాణం. అనుమానం వస్తే బంకులో 5 లీటర్ల ముద్ర వేసిన కొలపాత్రతో కొలిచి చూపమనండి, 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. వడపోత కాగితం మీద చుక్క వేసి చూపమనండి. డెన్సిటీ కూడా అడగొచ్చు. ఇవన్నీ కొనేవాళ్ల హక్కు, మొహమాటపడొద్దు.

ఇథనాల్‌లో లీటరుకు ఉండే శక్తి పెట్రోల్ కంటే మూడో వంతు తక్కువ. 20 శాతం కలిపితే అసలు కలపని పెట్రోల్‌తో పోలిస్తే ఆరేడు శాతం శక్తి తగ్గుతుంది. అంతకు ముందు పోసిన 10 శాతం కలిపిన పెట్రోల్‌తో పోలిస్తే మూడు శాతం పైచిలుకు. 50 ఇచ్చే బండి 48 ఇస్తే అది ఇథనాల్. 40కి పడిపోతే ఇథనాల్ మీద నెట్టేయకుండా బండిని చూపించండి.

ఇక బావగారి ప్రయాణం. రానూపోనూ 12 కిలోమీటర్లు, బండి లీటరుకు 45 అనుకుంటే, దారి ఖర్చే పావు లీటరు పైన, అంటే పాతిక రూపాయలు దాటుతుంది. లీటరు మీద ఏడు రూపాయలు మిగులుతుందనుకుంటే మొదటి నాలుగు లీటర్లు దారి ఖర్చుకే సరి. బరంపురంలో పని ఉండి వస్తే పోయించుకోవడం తెలివైన పని. పెట్రోల్ కోసమే రావడం దండగ, పొగ కూడా ఎక్కువ.

ప్రశ్న: తెల్లవారుజామున పెట్రోల్ పోయిస్తే ఎక్కువ వస్తుందంటారు, నిజమా? కారు డ్యాష్‌బోర్డు చూపే మైలేజీ నమ్మొచ్చా?
పాఠకుడు, సెమిలిగుడ

జవాబు: బంకు ట్యాంకు భూమి లోపల ఉంటుంది, పొద్దునకీ మధ్యాహ్నానికీ దాని వేడి పెద్దగా మారదు. ఏకంగా 10 డిగ్రీలు మారినా పెట్రోల్ ఒక శాతం వ్యాకోచిస్తుందంతే. నిద్ర పాడు చేసుకోకండి.

డ్యాష్‌బోర్డు అంకె ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్ ఎంతసేపు తెరుచుకుందో చూసి వేసే అంచనా, చాలా బండ్లలో కాస్త ఎక్కువే చూపిస్తుంది. మీ కారు ఎంత ఎక్కువ చూపిస్తోందో ఫుల్ ట్యాంక్ లెక్కతో ఒకసారి తేల్చుకుంటే, ఆ తర్వాత అంత తీసేసి చదువుకోవచ్చు. అయితే ఒక్క ఫుల్ ట్యాంక్‌తో తేల్చొద్దు. నాజిల్ ఒకసారి తొందరగా, ఒకసారి ఆలస్యంగా ఆగుతుంది, అందులో అర లీటరు అటూ ఇటూ అవుతుంది. 5 లీటర్లు పోయించినప్పుడు అర లీటరు అంటే పది శాతం తప్పు. అదే 50 లీటర్లు అయ్యేదాకా రాస్తూ పోయి మొత్తం కిలోమీటర్లను మొత్తం లీటర్లతో భాగిస్తే తప్పు ఒక శాతానికి దిగుతుంది. మీది కొండ ఊరు కాబట్టి మొదటి ఫుల్ ట్యాంకూ చివరి ఫుల్ ట్యాంకూ సెమిలిగుడలోనే కొట్టించండి. మొదటిది సాలూరులో కొట్టిస్తే ఎక్కుడు లెక్కలో పడి దిగుడు పడకుండా పోతుంది.